ఫోర్ ఏసీలో ఆ నాలుగు ఎక్కడిది?

"మైనస్ బి ప్లస్ ఆర్ మైనస్ రూట్ బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, హోల్ బై టూ ఏ." ఏఎక్స్² + బిఎక్స్ + సి = 0 అనే వర్గ సమీకరణంలో ఎక్స్ విలువ కనుక్కునే ఈ సూత్రాన్ని, బడిలో లెక్కలు చదివినవాళ్లను అర్ధరాత్రి లేపి అడిగినా చాలామంది అప్పజెప్పేస్తారు. మొన్న ఒక పాఠకురాలి ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుని వదల్లేదు: "ఏ, బి, సి సమీకరణంలో ఉన్నవే. మరి ఆ నాలుగు ఎక్కడి నుంచి ఊడిపడింది?"

జవాబు మన ప్రాచీన గణితవేత్త శ్రీధరాచార్యుడి దగ్గర ఉంది. ఆయన రాసిన బీజగణితం మనకు దక్కలేదు. భాస్కరాచార్యుడు 1150లో తన గ్రంథంలో ఉదహరించబట్టి ఈ సూత్రం బతికింది. "చతురాహతవర్గసమైః రూపైః పక్షద్వయం గుణయేత్" అని మొదలవుతుంది. వర్గపదం (ఎక్స్²) ముందున్న సంఖ్యకు నాలుగు రెట్లు ఎంతో, దానితో రెండు వైపులా గుణించమని అర్థం.

3ఎక్స్² + 5ఎక్స్ = 2 తీసుకుందాం. మూడు నాలుగులు పన్నెండు. పన్నెండుతో గుణిస్తే 36ఎక్స్² + 60ఎక్స్ = 24. రెండు వైపులా 5 వర్గం, అంటే 25 కలపండి. ఎడమవైపు అచ్చంగా (6ఎక్స్ + 5)² అయింది, కుడివైపు 49. 6ఎక్స్ + 5 విలువ 7 గానీ −7 గానీ కావాలి. ఎక్స్ అంటే 1/3 లేదా −2. ఆఖరి భాగహారం దాకా భిన్నమన్నదే తగల్లేదు చూడండి!

పన్నెండుకు బదులు ఒట్టి మూడుతో గుణించి ఉంటే? 9ఎక్స్² + 15ఎక్స్ = 6. దీన్ని బొమ్మగా గీయండి. 3ఎక్స్ భుజంతో ఒక చతురస్రం, దాని పక్కన 3ఎక్స్ పొడవు, 5 వెడల్పు ఉన్న పట్టీ. రెండూ కలిపి పెద్ద చతురస్రం చేయాలంటే పట్టీని నిలువునా చీల్చి ఒక ముక్క పక్కన, ఒక ముక్క పైన అతికించాలి. ఒక్కో ముక్క వెడల్పు రెండున్నర. మూలన మిగిలిన ఖాళీ ఆరుంబావు. ఈ అరలూ పావులూ వద్దనుకుంటే బొమ్మ మొత్తాన్ని రెట్టింపు భుజాలతో మళ్లీ గీస్తే సరి: రెండున్నర ఐదవుతుంది, మూల ఖాళీ 25 అవుతుంది. భుజం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు. అదే ఆ నాలుగు! కింద ఉన్న టూ ఏలో రెండు కూడా ఈ రెట్టింపు భుజమే.

మధ్య సంఖ్య సరిసంఖ్య అయితే పట్టీ చక్కగా చీలుతుంది, నాలుగుతో పనే లేదు. 3ఎక్స్² + 10ఎక్స్ = 8ని మూడుతో గుణించి 25 కలిపితే (3ఎక్స్ + 5)² = 49. బ్రహ్మగుప్తుడు 628లోనే రెండు పద్ధతులూ పక్కపక్కన చెప్పాడు, నాలుగుతో ఒకటి, సగంతో ఒకటి. మన పాఠాల్లో రెండోది ఎందుకు వదిలేస్తారో నాకు అంతుపట్టదు.

పాఠాల పుణ్యమా అని ఇంకో మూఢనమ్మకం కూడా ఉంది: రూట్ లోపల 49 లాంటి పూర్ణవర్గం రాకపోతే లెక్క తప్పిందని కంగారుపడి మళ్లీ మొదలుపెట్టడం. యాదృచ్ఛికంగా రాసిన సమీకరణాల్లో అలా రావడమే అరుదు.

అసలు గొయ్యి మరోచోట ఉంది. ఎక్స్² − 200ఎక్స్ + 1 = 0. సగం పద్ధతిలో మూలాలు, అంటే ఎక్స్ విలువలు, 100 ± √9999. ఏ సంఖ్యనైనా నాలుగు అంకెలకే కుదించే యంత్రానికి √9999 అంటే 99.99. చిన్న మూలం 100 − 99.99 = 0.01 అని చూపిస్తుంది. నిజానికి అది దాదాపు 0.005. జవాబు ఏకంగా రెట్టింపైంది! దగ్గరదగ్గరగా ఉన్న రెండు సంఖ్యలను తీసివేస్తే ముందున్న సరైన అంకెలన్నీ కొట్టుకుపోయి, కుదింపులో వచ్చిన పొరపాటే మిగులుతుంది. కంప్యూటర్ పదిహేను, పదహారు అంకెలు ఉంచుకుంటుంది కాబట్టి దాని గొయ్యి ఇంకాస్త దూరంలో ఉంటుంది, అంతే. విరుగుడు తేలిక. కూడికతో వచ్చే పెద్ద మూలాన్ని ముందు తీయండి: 200. మూలాల లబ్ధం సి బై ఏ, ఇక్కడ 1. ఒకటిని 200తో భాగిస్తే 0.005, అదే నాలుగంకెల యంత్రం మీద.