డబ్బాలో వచ్చే బీరువా, అర్థం కాని కాగితం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో విడిభాగాలుగా వచ్చే ఫర్నిచర్ బిగించడం నా పని. ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది, "కంపెనీ ఇచ్చిన బిగింపు కాగితం ఉందా?" అని. జవాబు దాదాపు ఒకటే. "అందులో ఏం లేదన్నా, అన్నీ బొమ్మలే. యూట్యూబ్ చూసి మొదలుపెట్టినాము, సగంలో నిలిచిపోయింది." బైరాగిపట్టెడ నుంచి కరకంబాడి రోడ్డు దాకా ఇదే పాట. అందుకని ముందు దీని సంగతే తేల్చుకుందాం.

అపోహ: కాగితం అర్థం కాకపోతే అలాంటి బీరువా వీడియో ఒకటి చూస్తే చాలు.

వాస్తవం: చాలదు. వేరేవాళ్ల మందుల చీటీ చూసి మాత్రలు మింగినట్టుంటుంది ఆ పని. మూడు తలుపుల బీరువాలు బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. లోపల బెజ్జాల వరస వేరు, అరల ఎత్తు వేరు, సొరుగు జారడానికి బిగించే ఛానెల్ పడే చోటు వేరు. వీడియోలో ఆయన పైనుంచి మూడో బెజ్జంలో ఛానెల్ బిగిస్తాడు. మీరూ అక్కడే బిగిస్తారు. మీ పలకలో అది తలుపు కబ్జా కోసం వేసిన బెజ్జం. సొరుగు ఎక్కనప్పుడు గానీ తేడా తెలియదు. స్క్రూ ఊడదీస్తే బెజ్జం చుట్టూ పొట్టు రాలుతుంది.

ఖర్చంతా ఆ పొట్టు దగ్గరే ఉంది. మన ఇళ్లలో వాకిళ్లకు వాడే టేకులో స్క్రూ తీసి మళ్లీ బిగించినా పట్టు ఉంటుంది. ఇది పార్టికల్ బోర్డు. చెక్క పొట్టును జిగురుతో కలిపి అదిమిన పలక. ఇందులో పట్టు పోయిన బెజ్జం మళ్లీ బరువు మోయదు. ఆ బెజ్జాన్ని కాస్త పెద్దది చేసి, డోవెల్ అనే గుండ్రటి చెక్క మేకును ఫెవికాల్‌తో దిగ్గొట్టి, ఆరాక దాంట్లో కొత్త బెజ్జం వేయాలి. బిగింపు కంటే ఈ రిపేరుకే నాకు ఎక్కువ కూలి ఇస్తున్నారు జనం. తీసుకునేవాణ్ని నేనే అయినా, చెప్పకుండా ఉండలేను.

మరి కాగితం మసగ్గా ఉంటేనో, అసలు రాకపోతేనో? ముందు అట్టపెట్టె పారేయకండి. దాని పక్కన తెల్ల స్టిక్కరు ఉంటుంది, దాని మీద మోడల్ నంబరు. ఐకియా సామానైతే ఎనిమిది అంకెలు, మూడు, మూడు, రెండుగా విడగొట్టి చుక్కలతో ఉంటాయి. హైదరాబాద్‌లో 2018లో, బెంగళూరులో 2022లో వాళ్ల షాపులు తెరిచాక మన ఊరికీ ఆ డబ్బాలు బాగానే వస్తున్నాయి. ఆ నంబరు వాళ్ల సైట్లో కొడితే వస్తువు పేజీలోనే బిగింపు కాగితం పీడీఎఫ్ దొరుకుతుంది. వేరే కంపెనీదైతే స్టిక్కరు ఫొటో తీసి కస్టమర్ కేర్‌కు పంపి పీడీఎఫ్ అడగండి. "బీరువా బిగించడం ఎలా" అని వెతికితే లోకంలో ఉన్న బీరువాలన్నీ వస్తాయి, మీది తప్ప. అదే మోడల్ నంబరుతో కంపెనీ పెట్టిన వీడియో దొరికితే హాయిగా చూడండి, నాకేం వీడియోల మీద పగ లేదు.

పీడీఎఫ్‌ను ఫోన్లో రెండు వేళ్లతో సాగదీస్తే సగం అనుమానాలు తీరతాయి. ఏ అంచుకు బెజ్జాలున్నాయి, ఏ అంచుకు ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచు మీద అంటించే పట్టీ, లేదు అన్నది కాగితం మీద చీమంత ఉంటుంది, ఫోన్లో స్పష్టంగా కనిపిస్తుంది. ఫోన్ చూడలేనివాళ్లకు కొర్లగుంటలో ఒక రిటైర్డ్ టీచరమ్మ చేసిన పని చెబుతాను. జిరాక్స్ షాపుకెళ్లి ఏ4 కాగితాలను ఏ3 సైజుకు పెంచి తీయించింది. వరసగా గోడకు అంటించి, అయిన బొమ్మ మీదల్లా ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ పోయింది. నన్ను పిలిచింది బీరువా లేపి నిలబెట్టడానికి మాత్రమే. "కాగితం దిద్దడం నాకు కొత్తా నాయనా?" అనింది. లోపల చూస్తే ఒక్క స్క్రూ కూడా వంకర లేదు.

ఇందులో ఒక్క చిక్కుంది. కొన్ని కాగితాల్లో స్క్రూ బొమ్మలు అసలు సైజులోనే వేసి ఉంటాయి, స్క్రూను బొమ్మ మీద పెట్టి పోల్చుకోవడానికి. పెంచిన జిరాక్స్ మీద పెట్టి పోలిస్తే అన్నీ తప్పే వస్తాయి. ఆ పేజీకి మాత్రం అసలు కాగితమే వాడాలి.

అపోహ: బొమ్మలే ఉన్నాయి, తెలుగు లేదు, కాబట్టి మనకు కాదు.

వాస్తవం: అన్ని దేశాలకూ ఒకే కాగితం సరిపోవాలనే మాటలు తీసేసి బొమ్మలు పెట్టారు. చదవడానికి నాలుగైదు గుర్తులు తెలిస్తే చాలు. స్క్రూ పక్కన 8× అని ఉంటే ఎనిమిది స్క్రూలని. ఎనిమిది ఎంఎం అనుకుని షాపుకెళ్లి వేరే స్క్రూలు కొనుక్కొచ్చిన వాళ్లున్నారు. ఒక మనిషి బొమ్మ మీద అడ్డగీతలు, పక్కన ఇద్దరు మనుషులు ఉంటే ఒక్కరే చేయొద్దని. రెండు బొమ్మల మధ్య వంపు బాణం ఉంటే పలకను తిప్పమని. ఎక్కువమంది తప్పేది ఈ బాణం దగ్గరే. ఐదో బొమ్మలో వెల్లకిలా ఉన్న పలక ఆరో బొమ్మలో బోర్లా ఉంటుంది. అది చూసుకోకపోతే ఎడమది కుడి అయిపోతుంది.

ఇంకోటి క్యామ్. మినీఫిక్స్ అంటారే, బోల్టు తలను పట్టుకుని రెండు పలకలను కలిపి ఉంచే ఆ గుండ్రటి బిళ్ల. దాని మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. ఆ బాణం పలక అంచులో బోల్టు దూరే బెజ్జం వైపు చూస్తుండాలి. అప్పుడే బోల్టు తల లోపలికి పోతుంది. తర్వాత స్క్రూడ్రైవర్‌తో గడియారం ముల్లు తిరిగే వైపు సుమారు సగం చుట్టు తిప్పితే పట్టేస్తుంది. బాణం పక్కకు ఉంటే బోల్టు దూరదు. దూరలేదని సుత్తి తీసుకుంటారు. ఎక్కువగా ఆ బిళ్ల జింక్ పోత, దెబ్బకు తల విరిగి కూర్చుంటుంది.

మధ్యలో భయపడి ఆపేసినవాళ్లకు ఒక మాట. మోకాలి ఆపరేషన్ అయి తల్లి డిశ్చార్జ్ అవుతుందని మంచం తెప్పించుకున్న ఒకమ్మాయి, రాత్రి పూట ఫోన్ చేసి దాదాపు ఏడ్చేసింది. పలకలన్నీ నేల మీద పరిచేసుంది, ఏది ఏదో తెలియడం లేదంది. స్టిక్కరు ఫొటో పంపమన్నాను. పీడీఎఫ్ దొరికింది. పలకలకు అంటించిన నంబర్లు, కాగితం మొదటి పేజీలోని నంబర్లు జత చేయమన్నాను, అంతే. మంచం తనే బిగించుకుంది. ఆపినందువల్ల ఏదీ పాడవదు. అర్థం కాకుండానే బిగించుకుంటూ పోతేనే పాడవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

డ్రిల్ మెషిన్‌తో బిగిస్తే గట్టిగా ఉంటుందా? పార్టికల్ బోర్డులో ఉండదు, బెజ్జం గుల్లవుతుంది. చివరి చుట్లు చేత్తోనే.

ప్రతి అతుకుకూ ఫెవికాల్ పోయాలా? కాగితంలో ఉంటేనే. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు అన్నిటికీ పోసేస్తే, ఇల్లు మారేటప్పుడు విప్పడం కుదరదు.

వెనక పల్చటి షీటు అందానికా? కాదు, బీరువాను మూలమట్టంగా నిలబెట్టేది అదే. అది కొట్టే ముందు మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలవండి, రెండూ సమానంగా రావాలి. తలుపులు కలవకపోతే అందరూ కబ్జాలను తిడతారు గానీ, తప్పు ఎక్కువగా ఇక్కడే.

ఏడడుగుల బీరువా ఏడడుగుల సజ్జ కింద పట్టేస్తుందా? పడుకోబెట్టి బిగించి లేపితే పట్టదు. రెండడుగుల లోతుంటే లేపేటప్పుడు మూల ఏడడుగుల మూడున్నర అంగుళాల దాకా పోతుంది. సజ్జకు దూరంగా నిలబెట్టి జరుపుదామన్నా సందు ఉండదు. కాగితంలో నిలబెట్టి బిగించే పద్ధతి ఇచ్చారేమో ముందే చూడండి.

గోడకు బిగించే పట్టీ దండగా? అస్సలు కాదు, పిల్లలున్న ఇంట్లో మరీను. పిల్లలు సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతారు, సొరుగుల బల్ల ముందుకు పడుతుంది. అలా పిల్లలు చనిపోయాకే అమెరికాలో 2016లో ఐకియా సుమారు 2 కోట్ల 90 లక్షల సొరుగుల బల్లలను వెనక్కి పిలిచింది. పట్టీ డబ్బాలోనే వస్తుంది. గోడకు కొట్టే స్క్రూ, అది పట్టడానికి గోడ బెజ్జంలో దూర్చే ప్లగ్గు మాత్రం చాలాసార్లు రావు, ఒక్కో ఇంటి గోడ ఒక్కోలా ఉంటుంది కాబట్టి. మీది ఇటుక గోడో, బోలు బ్లాకు గోడో హార్డ్‌వేర్ షాపులో చెప్పి దానికి తగినవి అడగండి.