తటస్థ దేశం యుద్ధంలోకి ఎలా దిగుతుంది: అపోహలు - వాస్తవాలు

అశోక్‌నగర్‌లో సివిల్స్ అభ్యర్థులకు ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. మొదటి ప్రపంచ యుద్ధంలోకి అమెరికా ఎందుకు దిగిందని అడిగితే, ఏ బ్యాచ్ పేపర్లు దిద్దినా అవే మాటలు కనిపిస్తాయి. కొన్ని పాత నోట్సుల నుంచి, కొన్ని యూట్యూబ్ నుంచి.

అపోహ: లూసిటానియా ఓడ మునిగింది, అమెరికా యుద్ధం ప్రకటించింది.

వాస్తవం: తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. జర్మన్ జలాంతర్గామి ఆ బ్రిటిష్ ప్రయాణికుల ఓడను ముంచింది 1915 మే 7న. దాదాపు 1,200 మంది చనిపోతే అందులో 128 మంది అమెరికన్లు. యుద్ధ ప్రకటన 1917 ఏప్రిల్ 6న. మధ్యలో 23 నెలలు! ఈలోగా, దేశాన్ని యుద్ధానికి దూరంగా ఉంచాడన్న ప్రచారంతోనే అమెరికా అధ్యక్షుడు విల్సన్ 1916లో రెండోసారి గెలిచాడు. వాణిజ్య ఓడలను హెచ్చరించకుండా ముంచబోమని ఆ ఏడాది మేలో జర్మనీ మాట కూడా ఇచ్చింది. గొడవంతా ఆ మాట తప్పినప్పుడు మొదలైంది.

అపోహ: తటస్థం అంటే ఎవరికీ ఏమీ అమ్మకపోవడం.

వాస్తవం: 1907 హేగ్ ఒప్పందం ప్రకారం తటస్థ దేశంలోని ప్రైవేటు వ్యాపారులు ఇరుపక్షాలకూ ఆయుధాలు అమ్ముకోవచ్చు. అమెరికా దుకాణం ఇద్దరికీ తెరిచే ఉంది. కాకపోతే దుకాణానికి వెళ్లే దారిలో బ్రిటిష్ నౌకాదళం కాపు కాసింది. జర్మనీ కొన్నా సరుకు ఇంటికి చేరేది కాదు. 1915 నుంచి బ్రిటన్ తరఫున కొనుగోళ్లు చూసింది న్యూయార్క్‌లోని జె.పి. మోర్గాన్ సంస్థ. యుద్ధం చేసే దేశాలకు అప్పులివ్వడం తగదని 1914 ఆగస్టులో చెప్పిన ప్రభుత్వమే ఏడాది తిరిగేసరికి చూసీచూడనట్టు ఊరుకుంది. యుద్ధంలోకి దిగే నాటికి బ్రిటన్, ఫ్రాన్స్ తదితర మిత్రరాజ్యాలకు అమెరికా నుంచి వెళ్లిన అప్పు సుమారు 230 కోట్ల డాలర్లు. జర్మనీకి 3 కోట్లు కూడా లేదు.

ఇది చదివి కొందరు, అప్పులు రాబట్టుకోవడానికి బ్యాంకర్లే దేశాన్ని యుద్ధంలోకి లాగారని తేల్చేస్తారు. అక్కడ నేను మార్కులు కోస్తాను. 1916 నవంబరులో, హామీ లేని విదేశీ అప్పుల విషయంలో జాగ్రత్తగా ఉండమని అమెరికా కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వ్ బోర్డే బ్యాంకులను హెచ్చరించింది. బ్రిటన్ దగ్గర డాలర్లు అడుగంటుతున్న సమయమది. జర్మనీ ఓడల జోలికి పోకుండా ఇంకొన్ని నెలలు ఓపిక పట్టి ఉంటే ఏమయ్యేదో!

అపోహ: జిమ్మర్‌మన్ టెలిగ్రామ్ బ్రిటన్ పుట్టించిన దొంగ కాగితం.

వాస్తవం: 1917 మార్చి 1న పత్రికల్లో వచ్చినప్పుడు అమెరికాలోనే చాలామంది అలా అనుమానించారు. రెండు రోజులకే జర్మనీ విదేశాంగ మంత్రి జిమ్మర్‌మన్ అది నిజమేనని ఒప్పుకున్నాడు. అమెరికా యుద్ధంలోకి వస్తే మెక్సికో తమతో చేతులు కలపాలి, టెక్సస్, న్యూ మెక్సికో, అరిజోనా తిరిగి సంపాదించుకోవచ్చు అన్నది అందులోని బేరం. క్లాసులో అందరూ నవ్వే సంగతొకటుంది. ఈ సందేశం బెర్లిన్ నుంచి వాషింగ్టన్‌లోని జర్మన్ రాయబారికి చేరింది అమెరికా రాయబార కార్యాలయం లైన్ మీదే. శాంతి ప్రయత్నాల కోసమని విల్సన్ ప్రభుత్వమే జర్మన్లను వాడుకోనిచ్చింది.

అపోహ: ఆ యుద్ధంలో మన హైదరాబాద్ సంస్థానం కూడా మొదట్లో అమెరికాలా తటస్థంగా ఉండాల్సింది.

వాస్తవం: విదేశీ వ్యవహారాలు బ్రిటిష్ వాళ్ల చేతిలో ఉంటే తటస్థం ఎక్కడిది? సంస్థానం అశ్వికదళమైన హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్ మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే.

అపోహ: జర్మనీ ముందువెనకలు చూడకుండా అమెరికాను కెలికింది.

వాస్తవం: లెక్కలు కట్టి మరీ కెలికింది. నెలకు 6 లక్షల టన్నుల ఓడలు ముంచితే ఐదు నెలల్లో బ్రిటన్ సంధికి దిగివస్తుందని, అమెరికా సైన్యం వచ్చేలోపే పని అయిపోతుందని అడ్మిరల్ హోల్ట్‌జెన్‌డార్ఫ్ అంచనా. 1917 జనవరి 9న ప్లెస్ కోటలో జర్మనీ చక్రవర్తి కైజర్ సరేనన్నాడు. ఫిబ్రవరి 1 నుంచి కనిపించిన ఓడనల్లా ముంచారు. మార్చిలో అమెరికా ఓడలు వరసగా మునిగాయి. ఏప్రిల్లో యుద్ధ తీర్మానం సెనేట్‌లో 82-6, ప్రతినిధుల సభలో 373-50తో నెగ్గింది.

సైన్యం విషయంలో అడ్మిరల్ లెక్క తప్పలేదు. అమెరికా రెగ్యులర్ సైన్యం అప్పటికి లక్షన్నర లోపే. అమెరికన్ల మొదటి పెద్ద దాడి, ఫ్రాన్స్‌లోని కాంటిన్యీ దగ్గర, 1918 మే 28న గానీ జరగలేదు. ఓడల సంగతీ అంతే, 1917 ఏప్రిల్ ఒక్క నెలలోనే 8 లక్షల టన్నులు దాటి మునిగాయి. లెక్క తప్పింది ఆ తర్వాతే. ఓడలను గుంపుగా, యుద్ధనౌకల కాపలాతో నడిపే కాన్వాయ్ పద్ధతి మొదలయ్యాక జలాంతర్గాములకు వేట కష్టమైంది. ఐదు నెలలు గడిచాయి, బ్రిటన్ సంధి అడగలేదు.