మోకా పాట్ గురగురలాడక ముందే

మోకా పాట్ అంటే స్టవ్ మీద పెట్టి కాఫీ డికాక్షన్ తీసే పాత్ర: కింద నీళ్ల గిన్నె, నడుమ కాఫీ పొడి నింపే గరాటు, పైన డికాక్షన్ చేరే గిన్నె. దాన్ని సన్నని మంట మీద పెట్టి, మూత తెరిచే ఉంచి చూడండి. కొన్ని నిమిషాలు ఏ చప్పుడూ ఉండదు. తర్వాత నడిమి గొట్టం చివర ఒక నల్లటి చుక్క ఉబ్బి పక్కకు జారుతుంది. దాని వెనకే చిక్కటి డికాక్షన్ తేనెధారలా కారడం మొదలవుతుంది. మన ఫిల్టర్‌లో నీళ్లు పైనుంచి కిందికి దిగుతాయి. ఇక్కడ కిందినుంచి పైకి ఎక్కుతాయి. ఎక్కిస్తున్నది ఏమిటి?

నీళ్లు మరిగి ఆవిరి తోస్తుందని చాలామంది చెబుతారు. నేనూ చాన్నాళ్లు అలాగే అనుకున్నాను. అసలు సంగతి ఇంకా అందమైనది. కింది గిన్నెలో సేఫ్టీ వాల్వ్‌కు (పీడనం మితిమీరితే వదిలేసే బుడిపెకు) కాస్త దిగువ వరకే నీళ్లు పోస్తాం కదా, ఆ పైన మిగిలిన జాగాలో గాలి చిక్కుకుపోతుంది. వేడెక్కే కొద్దీ ఆ గాలి వ్యాకోచించాలని చూస్తుంది. నీటి ఆవిరి కూడా వచ్చి దానికి తోడవుతుంది. లెక్క వేస్తే, 30 డిగ్రీల దగ్గర పై భాగం బిగించిన గిన్నెలో వేడి 60 డిగ్రీలకు చేరేసరికే పీడనం దాదాపు నాలుగో వంతు పెరుగుతుంది. నీటిని పది సెంటీమీటర్లు ఎత్తడానికి వాతావరణ పీడనంలో నూరో వంతు చాలు. మిగతా బలమంతా పొడిలోంచి దూరడానికే ఖర్చవుతుంది. అందుకే నీళ్లు మరగకముందే ప్రయాణం మొదలుపెడతాయి.

రుచిలోని చిక్కంతా ఇక్కడే ఉంది. మొదట పైకెక్కే నీళ్లకు వేడి చాలదు, పొడిలోని సారం పూర్తిగా దిగదు. చివర్లో నీటిమట్టం గరాటు గొట్టం అంచు కిందికి జారగానే ఆవిరే నేరుగా పొడిలోకి దూసుకొస్తుంది. ఆ గురగుర చప్పుడు అదే. చేదంతా అప్పుడే దిగుతుంది.

మొదటి తప్పుకు మందు ఉంది: కింది గిన్నెలో వేడినీళ్లు పోసి మొదలుపెట్టడం. పై భాగం బిగించేముందే గాలి వేడెక్కి కొంత బయటికి పోతుంది కాబట్టి గాలి తోపు తగ్గుతుంది, నీళ్లు ఇంకాస్త వేడెక్కాకే కదులుతాయి. పైగా పొడి ఎక్కువసేపు వేడికి మాడే పని ఉండదు. గిన్నె కాలుతుంది, గుడ్డతో పట్టుకుని బిగించండి.

ఈ పాత్రను 1933లో ఇటలీలో అల్ఫోన్సో బియలెట్టి తయారీకి తెచ్చాడు. అల్యూమినియం, ఎనిమిది పలకలు. ఆ ఆకారం ఇప్పటికీ పెద్దగా మారలేదు. యెమెన్‌లోని మోఖా రేవు పేరే దీనికి వచ్చింది. ఇందులో వచ్చేది ఎస్ప్రెస్సో అనడం సరికాదు. ఎస్ప్రెస్సో యంత్రం 9 బార్ల పీడనంతో, అంటే వాతావరణ పీడనానికి దాదాపు తొమ్మిది రెట్లతో పనిచేస్తుంది, ఈ చిన్న పాత్రకు అందులో ఏ కాస్తో చాలు. అందుకే మీది చవక రకమైనా దిగులు పడక్కర్లేదు. రబ్బరు వాషర్ మెత్తగా ఉండి, మర గట్టిగా బిగుసుకుంటే చాలు.

పొడి విషయంలో మాత్రం పట్టింపు ఉండాలి. మొదటివారం నేను ఇంట్లో ఉన్న చికోరీ కలిపిన ఫిల్టర్ పొడిని చెంచాతో అదిమి మరీ నింపాను, పెద్ద మంట పెట్టాను. నీళ్లు పైకి వెళ్లలేక మర దగ్గర సుయ్యిమంటూ చిమ్మాయి. చికోరీ తడిస్తే బంకగా ముద్దకట్టి దారి మూసేస్తుంది. చికోరీ లేని పొడి, ఇసుకకన్నా కాస్త మెత్తగా, అదమకుండా వదులుగా నింపి పైన చదును చేయండి. మా ఇంట్లో ఇప్పుడు అరకు అరబికానే వాడుతున్నాం. ఆ గింజలోని పండు వాసన చికోరీ చాటున పడిపోకుండా ఇందులో తెలుస్తుంది.

ఇక రెండో తప్పు. ధారను కళ్లతో కనిపెట్టండి. ముదురు గోధుమరంగు పలచబడి ఎండుగడ్డి రంగుకు తిరగ్గానే స్టవ్ ఆపి, కింది గిన్నెను కుళాయి ధార కింద పట్టండి. లోపలి ఆవిరి చల్లబడి నీరవుతుంది, పీడనం పడిపోతుంది, ధార అక్కడికక్కడే ఆగుతుంది. అడుగున రెండు చెంచాల నీళ్లు మిగులుతాయి. వాటిని పారబోసి, డికాక్షన్‌లో వేడి పాలు పోసుకోండి.