కలంకారీ చీరని వెనిగర్‌లో ముంచకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే మాకు ఫోన్లు మొదలవుతాయి. "మొదటిసారి ఉతికే ముందు ఉప్పు, వెనిగర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే రంగు పోదట కదండీ?" అని అడుగుతారు కొందరు. వాళ్లు నయం, చేసేముందు అడిగారు. ఎక్కువమంది చేసేశాక ఫోన్ చేస్తారు. మచిలీపట్నం దగ్గర పెడనలో సహజ రంగులతో అచ్చు వేసే షెడ్డు మాది, నాన్న హయాం నుంచీ ఇదే పని, ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ ఇక ఒకచోట రాసి పెడదామనుకున్నాను. ఆ వాట్సాప్ చిట్కా ఎంత దూరం పోయిందో ఇది కూడా అంత దూరం పోతే కొన్ని చీరలైనా బతుకుతాయి.

అపోహ: ఉప్పు, వెనిగర్ (లేదా నిమ్మరసం) రంగుని పట్టి ఉంచుతాయి

వాస్తవం: పట్టి ఉంచవు. సహజ రంగుల కలంకారీ మీద అయితే ఉన్న రంగుని ఊడదీస్తాయి.

ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇది అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పక్కర్లేదు. కలంకారీలో గుడ్డని ముందు కరక్కాయ నీళ్లలో, పాలల్లో తడిపి ఎండబెడతాం. ఆ గుడ్డ మీద నల్ల గీతలు వేసేది కసింతో. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చే నీళ్లవి. కుండలో ఉన్నప్పుడు ఆ నీళ్లలో నలుపేమీ కనిపించదు. గుడ్డలో ఉన్న కరక్కాయ వగరు తగిలినప్పుడే నల్లబడుతుంది. అంటే మీ చీర మీద నల్ల గీత అనేది ఇనుము, వగరు కలిసి గుడ్డలోనే తయారైన రంగు. ఎరుపూ అలాంటిదే. అచ్చుతో మేం వేసేది పటిక నీళ్లు మాత్రమే. తర్వాత పారే నీళ్లలో జాడించి, రాగి డేగిసాలో చిరివేరు అనే మొక్క వేరు నుంచి వచ్చే రంగుతో ఉడకబెడితే పటిక పడ్డ చోటల్లా ఎరుపెక్కుతుంది. పడని చోట అంటిన రంగు తర్వాత ఉతుకుల్లో, ఎండలో పోతుంది. రంగుని పట్టి ఉంచే పని ఇనుము, పటిక అప్పుడే చేసేశాయి. మీరు ఇంట్లో కొత్తగా చేయాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు మీ ఇంట్లో తెల్ల చొక్కా మీద తుప్పు మరక పడితే ఏం చేస్తారు? నిమ్మకాయ, ఉప్పు పెట్టి రుద్దుతారు. మరక పోతుంది. పులుపు ఇనుముని కరిగించి లాగేసింది కాబట్టి పోతుంది. సరిగ్గా అదే నిమ్మకాయ, అదే ఉప్పు, ఇనుముతో వేసిన గీతలున్న చీర మీద వాడమని ఎవరో చెప్తే నమ్మేస్తున్నారు! నిమ్మరసమైతే చూస్తుండగానే పని చేస్తుంది. వెనిగర్ నెమ్మది, కానీ రాత్రంతా నానితే నలుపు పలచబడి, పొద్దున్నకి బూడిద రంగుకో మట్టి రంగుకో దిగుతుంది. ఎరుపు కూడా పసుపు వైపు జారుతుంది. గీతలన్నీ ఒకే రకంగా పోవు, నీళ్లలో మునిగిన మడతలో ఒకలా, పైన తేలిన మడతలో ఇంకోలా పోతాయి. అందుకే తర్వాత సరిచేయడం కూడా కష్టం.

ఈ చిట్కా పుట్టడానికి ఒక కారణం ఉంది, లేదనను. ఊలుకి, పట్టుకి కొన్ని రసాయన రంగులు ఎక్కించేటప్పుడు రంగు తొట్టిలో పులుపు వేస్తారు. నూలుకి కొన్ని రంగులు అద్దేటప్పుడు ఉప్పు వేస్తారు. రెండూ అద్దేటప్పుడు చేసే పనులు. అద్దకం ముగిసి, కుట్టు కూడా అయిపోయిన గుడ్డకి వాటితో లాభం లేదు. ఎవరో ఆ రెండు ముక్కలూ కలిపి "ఏ కొత్త బట్టకైనా" అని రాసి వదిలారు, అది ఊళ్లు తిరుగుతోంది.

రాజమండ్రి వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. కూతురి నిశ్చితార్థానికి కట్టుకోవాలని ముందే కొని దాచుకున్న చీర. ఇంట్లో వెనిగర్ లేదని నిమ్మకాయలు పిండారట, డజను దాకా. "అన్నయ్యా, ఏనుగుల కాళ్లు పోయాయి, తొండాలు ఉన్నాయి" అన్నారు, ఏడుస్తూనే. నాకు కోపం రాలేదు, ఆవిడ చేసింది నిర్లక్ష్యంతో కాదు కదా. ఖరీదైన చీర, ఎక్కడ పాడవుతుందోనన్న భయం, ఆ భయానికి తోడు ఎవరో పంపిన మెసేజ్. నాకు కోపం వచ్చేది ఒక్కసారి కూడా చేసి చూడకుండా ముందుకి పంపేవాళ్ల మీద. ఆ చీరని తెప్పించి, శ్రీకాళహస్తిలో కలం పట్టే తెలిసినాయనకి ఇస్తే, మళ్లీ కరక్కాయ పట్టించి పోయిన గీతలు చేత్తో దిద్దారు. దగ్గర్నుంచి చూస్తే తేడా తెలుస్తుంది, కట్టుకుంటే తెలియదు. అన్ని చీరలకీ ఆ అవకాశం ఉండదు.

ఇదే కారణం వల్ల చీర మీద పులుసు, పచ్చడి, నిమ్మరసం పడితే వెంటనే మామూలు నీళ్లతో ఆ చోటు కడిగేయండి. "ఇంటికెళ్లాక చూద్దాం" అనొద్దు. బాగా చెమట పట్టిన చీరని మడత పెట్టి దాచడం కూడా మంచిది కాదు. వంట సోడా, బట్టల సోడా, బ్లీచింగ్ పౌడర్ మాట అసలే ఎత్తకండి, సోడాకి ఎరుపు ఊదా వైపు తిరుగుతుంది, బ్లీచింగ్‌కి ఏదీ మిగలదు.

అపోహ: మొదటి ఉతుకులో నీళ్లకి రంగు వచ్చిందంటే అది నకిలీ

ఇది పైదానికి అక్క. ఈ భయం వల్లే జనం ఉప్పు, వెనిగర్ జోలికి పోతున్నారు. కొత్త కలంకారీని నీళ్లలో వేస్తే లేత పసుపు, గోధుమ రంగు దిగుతుంది. అది గుడ్డలో మిగిలిన కరక్కాయ, గంజి. రెండు మూడు జాడింపులకి నీళ్లు తేరుకుంటాయి. నీలి మందు వేసిన గుడ్డ మొదట్లో కొద్దిగా చేతికి, లోపలి లంగాకి అంటుతుంది, అదీ ఆగిపోతుంది. ఒక పెద్ద షాపువాళ్లు ఇలాంటి పసుపు నీళ్లు చూసి మేం పంపిన సరుకు మొత్తం తిప్పి పంపారు, ఆ నెల మా దగ్గర అచ్చు వేసేవాళ్లకి కూలీ సర్దడానికి అప్పు చేయాల్సి వచ్చింది. ఒక తప్పుడు నమ్మకం ఎంతమంది పొయ్యి మీదకి వస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

అయితే ఎర్రటి నీళ్లు ఆగకుండా ప్రతి ఉతుకుకీ దిగుతుంటే, అది అనుమానించాల్సిందే. అప్పుడు అమ్మినవాళ్లని నిలదీయండి.

ఉతికే పద్ధతి ఇంతే: చల్లటి నీళ్లు, చీర ఒక్కటే విడిగా, మొదటిసారి సబ్బు లేకుండా. తర్వాత నుంచి కుంకుడుకాయ రసం గానీ, ఘాటు లేని లిక్విడ్ గానీ. పిండకుండా నీళ్లు ఓడనిచ్చి, తిరగేసి నీడలో ఆరేయాలి. పాల వాసన వస్తోందని కంగారు పడొద్దు, గేదె పాలు పట్టించిన గుడ్డ కదా, ఉతుకుల్లో పోతుంది.

అపోహ: సహజ రంగులు నిలవవు

ఒకప్పుడు యూరప్ మొత్తం మన తీరం గుడ్డల కోసం ఎగబడింది దేనికనుకుంటున్నారు? ఉతికినా పోని రంగు కోసమే. నూలు మీద అలా రంగు నిలబెట్టడం అప్పట్లో వాళ్లకి చేతకాలేదు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో గిడ్డంగి పెట్టుకుంది. మన అద్దకపు గుడ్డలు వాళ్ల నేతగాళ్ల నోటి దగ్గర కూడు తీసేస్తున్నాయని ఫ్రాన్స్ 1686లో నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండ్ 1700లో ఒకసారి, 1721లో ఇంకా గట్టిగా చట్టాలు చేసింది. ఆ కాలంలో కోరమాండల్ తీరం (మన తూర్పు తీరం) నుంచి వెళ్లిన దుప్పట్లు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ్టికీ ఎర్రగానే ఉన్నాయి.

అన్ని సహజ రంగులూ సమానం కావన్నది కూడా నిజం. పటిక మీద ఎక్కిన చిరివేరు ఎరుపు, నీలి మందు, ఇవి గట్టివి. దానిమ్మ తొక్క, కరక్కాయ పువ్వు నుంచి వచ్చే పసుపులు ఎండకి కాస్త తగ్గుతాయి. వంటింటి పసుపు అయితే అసలు నిలవదు, దాంతో అద్ది "నేచురల్ డై" అని అమ్మితే కొనొద్దు.

ఇక్కడే ఇంకో మాట. 1869 కల్లా అలిజరిన్‌ని ఫ్యాక్టరీలో తయారు చేయడం వచ్చాక చిరివేరు సాగు దెబ్బతింది. పెడనలో ఇప్పుడు చాలా షెడ్లలో ఎరుపుకి వాడేది ఆ అలిజరినే. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థమూ అదే, పటిక మీద అలాగే నిలుస్తుంది. వాడటం తప్పని నేననను. వాడి, చిరివేరు రంగని చెప్పి ధర పెంచడం తప్పు. అడగండి, నిజాయితీగా పనిచేసేవాళ్లు చెప్తారు.

అపోహ: కలంకారీ అంటే ఒక డిజైన్

నెమళ్లు, బుద్ధుడి ముఖాలు, మట్టి రంగు నేపథ్యం ఉంటే చాలు, పాలిస్టర్ మీద కూడా "కలంకారీ" అనేస్తున్నారు. మా ఊళ్లోనే స్క్రీన్ ప్రింటు వేసి ఆ పేరుతో పంపేవాళ్లున్నారు. స్క్రీన్ ప్రింటు వేసుకోవడం వాళ్ల బతుకుతెరువు, దాన్ని నేను తప్పుపట్టను, స్క్రీన్ ప్రింటు అని చెప్పి అమ్మాలి, అంతే. మచిలీపట్నం కలంకారీకీ, శ్రీకాళహస్తి కలంకారీకీ విడివిడిగా జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు వస్తువని ఇచ్చే అధికారిక గుర్తింపు) ఉంది. మాది టేకు అచ్చుల పని, గోల్కొండ, ఇరాన్ వర్తకం రోజుల నుంచి వచ్చిన సరు (సైప్రస్) చెట్లు, లతలు, మామిడి పిందెలు. వాళ్లది చేతి గీత. గుళ్లో కట్టే తెరల మీద రామాయణం గడులు గడులుగా గీసి, ప్రతి పట్టీలో కథ తెలుగులో రాసేవాళ్లు. నీలం ఒళ్లు చూడగానే దేవుడని, ఎర్ర ముఖం చూడగానే రాక్షసుడని చదువు రానివాళ్లు కూడా పోల్చుకునేవాళ్లు. ఆ పని దాదాపు ఆగిపోయే స్థితిలో ఉంటే హస్తకళల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. ఇవాళ కలం పట్టుకున్న చాలామంది ఆ బడి వారసులే. డిజైన్ ఒక్కటే కలంకారీ అయితే నేర్పడానికి బడి దేనికి, ఒక ఫొటో సరిపోయేది.

ఇంకొన్ని, తొందరగా

కలంకారీ అంటే చేనేత అని: కానక్కర్లేదు. ఇది అద్దకం పని, కింద గుడ్డ మిల్లుదీ కావచ్చు. చేనేత కావాలంటే విడిగా అడగండి.

అచ్చు అతుకు కనిపిస్తే లోపమని: కాదు. చేత్తో వేసిన అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది.

నేచురల్ అంటే కెమికల్ లేదని, పర్యావరణానికి ఏ భారమూ లేదని: పటికా రసాయనమే. ఉడకబెట్టడానికి కట్టెలు కావాలి, జాడించడానికి బోలెడు పారే నీళ్లు కావాలి. కాలవ కట్టేసిన రోజుల్లో మా పని ఆగుతుంది, కాళహస్తిలో స్వర్ణముఖి నది ఏడాదిలో చాలా భాగం ఎండే ఉంటుంది. మా రంగు నీళ్లు ఫ్యాక్టరీ అద్దకం నీళ్లంత చెరుపు చేయవన్నది నిజమే, నీళ్లు మాత్రం తక్కువ పట్టవు. ఈ కళ నిలబడాలని కోరుకునేవాళ్లు కాలవ శుభ్రం గురించి కూడా మాతో కలిసి అడగాలి.

ఇప్పటికే వెనిగర్‌లో వేసేసి ఇది చదువుతున్నవాళ్లు టెన్షన్ పడకుండా చీరని వెంటనే బయటికి తీసి, మామూలు నీళ్లలో నాలుగైదు సార్లు జాడించి నీడలో ఆరేయండి. పులుపు పోతుందని సోడా మాత్రం కలపొద్దు. ఆరాక పగటి వెలుతురులో ఫొటో తీసి మీరు కొన్నచోటికి పంపండి, దిద్దగలిగిందో లేదో గీతలు చూస్తే చెప్తారు.