బాతుల వేట స్టాంపు నా పర్సులో ఎందుకుంది?

న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకి అట్లాంటిక్ సిటీ అంటే కేసినోలే గుర్తొస్తాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే లిబర్టీ విగ్రహం, నయాగరా, ఆ తర్వాత ఓ శనివారం అట్లాంటిక్ సిటీ, అక్కడితో లిస్టు అయిపోతుంది. ఆ కేసినోల మేడలు కళ్లకు కనిపించేంత దూరంలోనే ఎడ్విన్ బి. ఫోర్సిత్ అనే వన్యప్రాణుల శరణాలయం ఉంది. ఉప్పునీటి గడ్డి, బురద, మధ్యలో మట్టికట్టలు, వాటి మీద ఎనిమిది మైళ్ల దారి. చలికాలం మొదట్లో వెళ్తే ఆర్కిటిక్ నుంచి వచ్చిన తెల్ల పెద్దబాతులు వేలకొద్దీ ఒక్కసారి లేస్తాయి, ఆ చప్పుడు వినడానికే నేను వెళ్తాను. గేటు దగ్గర కారుకి టికెట్ కొనాలి. నేను కొనను, ఎందుకంటే నా దగ్గర 25 డాలర్ల డక్ స్టాంపు ఉంది, అది ఉంటే లోపలికి ఉచితం. అసలైతే అది బాతుల్ని కాల్చడానికి వెళ్లేవాళ్ల కోసం పుట్టిన స్టాంపు. నేను తుపాకీ ముట్టుకున్నవాణ్ణి కాదు, మా ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. మరి ఆ స్టాంపు నా పర్సులో ఎందుకుంది అంటే, ఫోర్సిత్ నేలలో చాలా భాగం కొన్నది ఆ స్టాంపుల డబ్బుతోనే.

కథ అంత సులువుగా మింగుడుపడేది కాదు. అమెరికాలో జంతువుల్ని తుడిచిపెట్టింది కూడా తుపాకీ పట్టినవాళ్లే. ఆకాశం నల్లబడేంత గుంపులుగా ఎగిరిన పాసింజర్ పావురాలు వందల కోట్లలో ఉండేవని అంచనా, వాటిలో చివరిది, మార్తా అని పేరు పెట్టిన ఆడపావురం, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో పోయింది. అడవిదున్నలు కోట్ల నుంచి వెయ్యి లోపుకు పడిపోయాయి. ఇదంతా ఎక్కువగా అమ్మకం కోసం జరిగిన వేట. రైళ్లు వచ్చాయి, పావురాల గుంపు ఎక్కడ దిగిందో టెలిగ్రాఫ్‌లో నిమిషాల్లో తెలిసిపోయేది, ఇంకేముంది, పీపాల కొద్దీ మాంసం నగరాల హోటళ్లకు వెళ్లిపోయింది. దీన్ని చూసి ముందు కంగారుపడ్డది సరదాకి వేటాడే డబ్బున్నవాళ్లు. తర్వాత అధ్యక్షుడైన థియొడోర్ రూజ్‌వెల్ట్ వాళ్లంతా 1887లో బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. దయ వల్ల కాదు లెండి, రేపు కాల్చుకోవడానికి ఏమీ మిగలదన్న భయం వల్లే ఎక్కువ. నాకైతే ఇందులో తప్పు కనబడదు, చెరువు ఎండిపోతే ముందు గుండె జారేది చేపలు పట్టేవాడికేగా.

1930లలో కరువొచ్చింది, అమెరికా నడిమి మైదానాలన్నీ దుమ్మయిపోయాయి. బాతులకు కరువు ఒక్కటే శత్రువు కాదు. కెనడా నుంచి అమెరికాలోని డకోటా రాష్ట్రాల దాకా మైదానాల్లో లక్షలాది చిన్న చిన్న గుంటలున్నాయి, మంచుయుగంలో హిమానీనదాలు వెనక్కి తగ్గుతూ వదిలేసినవి. ఉత్తర అమెరికా బాతుల్లో సగానికి పైగా పుట్టేది ఆ గుంటల దగ్గరే. పెద్ద సరస్సు ఇంకా గడ్డకట్టి ఉండగానే మోకాలి లోతు గుంట వసంతంలో ముందుగా కరిగి వేడెక్కుతుంది, అందులో పురుగులు, నత్తలు పుడతాయి, గుడ్లు పెట్టబోయే ఆడబాతుకు కావలసిన ప్రొటీన్ అదే. రైతు లెక్కలో మాత్రం అది పనికిరాని పల్లం, కాలువ తవ్వి నీళ్లు దించేస్తే ఇంకో రెండెకరాల గోధుమ. ఇద్దరి లెక్కలూ వాళ్ల వాళ్ల వైపు నుంచి సరైనవే, కాకపోతే బాతు దగ్గర డబ్బు లేదు.

ఆ డబ్బు పుట్టించినవాడు ఒక కార్టూనిస్టు. జే. ఎన్. ‘డింగ్’ డార్లింగ్, పులిట్జర్ బహుమతి వచ్చినవాడు, బాతుల వేటగాడు, పార్టీ పరంగా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఎదురుపక్షం. తనను కార్టూన్లలో ఉతికే మనిషినే రూజ్‌వెల్ట్ 1934లో పిలిచి వన్యప్రాణుల శాఖ అప్పజెప్పాడు. ఆ ఏడాది మార్చిలోనే చట్టం వచ్చింది, 16 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా నీటిపక్షుల్ని వేటాడాలంటే ఒక డాలరు పెట్టి స్టాంపు కొని దాని మీద సంతకం చేయాలి. మొదటి స్టాంపు బొమ్మ డార్లింగే గీశాడు, నీళ్ల మీద దిగుతున్న మల్లార్డ్ బాతుల జంట. తొలి ఏడాది 6,35,001 అమ్ముడుపోయాయి. ఈనాటికీ స్టాంపు మీద వచ్చే ప్రతి డాలర్లో 98 సెంట్లు చిత్తడి నేలలు కొనడానికో, వాటి మీద హక్కులు తీసుకోవడానికో పోతాయి. ఇప్పటిదాకా అలా కాపాడిన నేల అరవై లక్షల ఎకరాల పైమాటే.

ఒక చిక్కుంది, ఈ డబ్బు కెనడాలో ఖర్చుపెట్టడానికి లేదు, కానీ బాతులు పుట్టే నేలలో పెద్ద ముక్క కెనడాలోనే ఉంది. వేటగాళ్లు 1937లో డక్స్ అన్‌లిమిటెడ్ అనే సంస్థ పెట్టుకుని అమెరికాలో చందాలు వసూలు చేసి కెనడాలో గుంటలు బాగుచేయించారు. పక్షికి పాస్‌పోర్టు అక్కర్లేదు గానీ డబ్బుకి కావాలి మరి.

అదే 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం వచ్చింది. రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను, ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణుల శాఖలకు. ఖర్చులో 75 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది, వేట లైసెన్సు డబ్బుల్ని వన్యప్రాణుల శాఖ పనులకు కాకుండా రోడ్లకో ఇంకోదానికో మళ్లించిన రాష్ట్రానికి ఒక్క పైసా రాదు. మన దగ్గర సెస్సుల పేరుతో వసూలైన డబ్బు ఎటు పోతుందో వెతుక్కునేవాళ్లకు దీని విలువ తెలుస్తుంది.

ఆ డబ్బుతో ఏం చేశారంటే, టర్కీ కోళ్ల సంగతి చూడండి. 1930ల నాటికి అడవి టర్కీలు రెండు లక్షల లోపే మిగిలాయని అంచనా. ఫారాల్లో పెంచి అడవిలో వదిలారు, దాదాపు అన్నీ చచ్చాయి, ఎందుకంటే నక్కను చూస్తే పారిపోవాలని నేర్పే తల్లి వాటికి లేదు. 1950లలో ఇంకో ఉపాయం పట్టారు, గింజలు చల్లి, అడవి కోళ్లు గుమిగూడగానే చిన్న ఫిరంగుల్లాంటి గొట్టాలతో వాటి మీదకి వల పేల్చి, పట్టుకుని, కోళ్లు లేని అడవికి తీసుకెళ్లి వదలడం. ఇప్పుడు అవి సుమారు అరవై లక్షలు. మా కాలనీలో ట్రాఫిక్ ఆపేది పోలీసులు కాదు, అవే.

చంపేవాడు కాపాడేవాడు ఎలా అవుతాడు అని అడిగేవాళ్లకు అసలు సైన్స్ ఇక్కడుంది. ఒక ఏడాది పుట్టిన బాతుల్లో చాలావాటికి వచ్చే వసంతం రాసిపెట్టి ఉండదు, చలి, ఆకలి, జబ్బు, నక్క ఏదో ఒకటి తీసుకుపోతుంది. వేటలో కొన్ని పోతే మిగతావాటికి తిండి, చోటు కాస్త ఎక్కువ దొరికి చలికాలం గట్టెక్కేవి పెరగొచ్చు, ఒక హద్దు దాకా. ఆ హద్దు దాటితే మాత్రం ప్రతి తూటా అదనపు చావే. మరి హద్దు ఎక్కడుందో తెలిసేదెలా? విమానాల్లో తిరిగి బాతుల్ని లెక్కపెట్టే సర్వే 1955 నుంచి దాదాపు ఏటా నడుస్తోంది. దాంతోపాటు, ఎంపిక చేసిన వేటగాళ్లు తాము కొట్టిన ప్రతి బాతు రెక్క ఒకటి కవర్లో పెట్టి పోస్టులో పంపుతారు. జీవశాస్త్రవేత్తలు ఒకచోట కూర్చుని ఆ రెక్కల గుట్టల్లోంచి జాతి, ఆడా మగా, ఈ ఏటి పిల్లా పాతదా అని ఈకలు చూసి చెప్పేస్తారు. పిల్లలు తక్కువ కనిపిస్తే ఆ ఏడాది గుడ్లు సరిగ్గా పొదగలేదన్నమాట. ఇలాంటి లెక్కలన్నీ కలిపి, రోజుకు ఎన్ని కొట్టొచ్చు, ఎన్ని రోజులు కొట్టొచ్చు అన్నది ఏటికేడు నిర్ణయిస్తారు.

ఇదంతా పనిచేసిందా అంటే, 2019లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క చూడండి. 1970 నుంచి అమెరికా, కెనడాల్లో దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయి. గడ్డిభూముల పక్షులు సగానికి పైగా పోయాయి. అదే కాలంలో బాతులు, పెద్దబాతులు 56 శాతం పెరిగాయి! గడ్డిలో పాడుకునే చిన్న పిట్టను ఎవరూ వేటాడరు, అందుకే దాని పేరు మీద స్టాంపూ లేదు, పన్నూ లేదు. ఇది చదివిన రోజు నాకు కాసేపు ఏం అనుకోవాలో తెలియలేదు.

అలాగని వేటగాళ్లకు హారతులు పట్టనక్కర్లేదు. మా వేటను తినేస్తున్నాయని తోడేళ్లనూ ప్యూమా అనే కొండసింహాలనూ దశాబ్దాల పాటు చంపించిన ఒత్తిడిలో వాళ్ల పాత్రా ఉంది. సీసం సంగతి ఇంకా ఘోరం. గురితప్పిన సీసపు గుళ్లు నీళ్ల అడుగున పడతాయి, బాతు వాటిని రాళ్లనుకుని మింగుతుంది, కందనకాయలో అవి నలిగి సీసం రక్తంలో కలుస్తుంది, తడబడుతున్న ఆ బాతును తిన్న గద్ద కూడా పోతుంది. అలా ఏటా లక్షల్లో పోయేవి. ఉక్కు గుళ్లు వాడండి అంటే తుపాకీ పాడవుతుందనీ దెబ్బ సరిగా తగలదనీ గొడవలు పెట్టారు, చివరికి 1991 నుంచి నీటిపక్షుల వేటలో దేశమంతా సీసం నిషేధమైంది. ఇంకో ఇబ్బంది కూడా ఉంది, ఇప్పుడు తుపాకులు కొనేవాళ్లలో చాలామంది వేటకు పోయేవాళ్లు కాదు. తుపాకుల మీద ఆంక్షలొస్తాయన్న భయం లేస్తే అమ్మకాలు పెరుగుతాయి, దాంతో వన్యప్రాణుల నిధీ పెరుగుతుంది. జనం టెన్షన్ పడితే జింకలకు మేలు, ఎంత వింత!

గాలం వేసేవాళ్ల కథ వేరే దారిలో నడిచింది. వాళ్ల సామాన్ల మీదా 1950 నుంచి పన్ను ఉంది, కానీ నాకు ఇష్టమైనది న్యూయార్క్‌లోని హడ్సన్ నది కథ. వసంతంలో సముద్రం నుంచి ఆ నదిలోకి షాడ్ చేప ఎదురెక్కుతుంది. మన పులసకు అది దగ్గరి చుట్టం, పులసను పుస్తకాల్లో హిల్సా షాడ్ అనే రాస్తారు, ముళ్ల విషయంలోనూ రెండూ ఒకటే. పుస్తెలమ్మైనా పులస తినాలనే గోదావరి జనానికి హడ్సన్ జాలర్ల బాధ వేరే చెప్పక్కర్లేదు. 1960లలో రైల్వే యార్డు పైపు ఒకటి నదిలోకి నూనె వదిలేది, షాడ్ డీజిల్ కంపు కొట్టి మార్కెట్లో ఎవరూ కొనేవాళ్లు కాదు. 1966లో జాలర్లు, గాలం వేసేవాళ్లు ఒక హాల్లో చేరారు. పైపులో పరుపు కుక్కేద్దామని ఒకరు, పేల్చేద్దామని ఒకరు అన్నారని చెప్పుకుంటారు. బాబ్ బాయిల్ అనే పత్రికా రచయిత, తనూ గాలం వేసేవాడే, 1899 నాటి చట్టం ఒకటి తవ్వి తీశాడు. నదిలో చెత్త పోసేవాడిని పట్టిస్తే జరిమానాలో సగం పట్టించినవాడికే అని అందులో ఉంది. కేసు వేసి గెలిచారు, రెండు వేల డాలర్లు వచ్చాయి, ఆ డబ్బుతో ఇంకో కంపెనీ వెంట పడ్డారు. రివర్‌కీపర్ అన్న సంస్థ అలా పుట్టిందే. అయినా షాడ్ పూర్తిగా కోలుకోలేదు, 2010లో హడ్సన్‌లో దాన్ని పట్టడమే ఆపేశారు.

మన దేశంలో 1972 వన్యప్రాణుల చట్టంతో, 1991లో దానికి చేసిన సవరణతో వేట లైసెన్సుల రోజులు పోయాయి, పోవడమే మంచిదని నా అభిప్రాయం, ఇక్కడి పద్ధతి అక్కడ అతికించాలని నేననను. కానీ కావేరిలో గాలం వేసేవాళ్లు రాసుకున్న లెక్కల పుస్తకాలు చేసిన పని చూడండి. గాలిబోర్ దగ్గర చేపను పట్టి, తూకం వేసి, మళ్లీ నీళ్లలో వదిలేసేవాళ్లు. 1998 నుంచి 2012 దాకా ఆ రికార్డుల్ని తీసి చూస్తే, కావేరిలో తప్ప ఇంకెక్కడా లేని మూపురం మహసీర్ అనే చేప దాదాపు కనిపించకుండా పోతోందని, ఆ చోటంతా వేరే మహసీర్ ఆక్రమించిందని బయటపడింది. ఆ రెండో రకం కావేరిది కాదు, మహసీర్లను పెంచాలన్న మంచి ఉద్దేశంతోనే హేచరీలో పుట్టించి వదిలినవి! మూపురం మహసీర్‌కు అప్పటికి సరైన శాస్త్రీయ నామం కూడా లేదు, టోర్ రేమాదేవి అని తేలింది 2018లో. పేరైనా తేలకముందే చేప పోతోందని చెప్పింది సరదాకి గాలం వేసేవాళ్ల నోటుపుస్తకాలు.

అమెరికాలో 1980లలో కోటీ డెబ్భై లక్షలుండే వేటగాళ్లు 2016 సర్వేకి కోటీ పదిహేను లక్షలయ్యారు. తాతతో పాటు తెల్లవారుజామున బురదలో కూర్చునే మనవలు తగ్గారు. పక్షుల్ని చూసేవాళ్లు కోట్లలో ఉన్నారు, వాళ్ల బైనాక్యులర్ల మీద అలాంటి పన్నేమీ లేదు. మొన్న పోస్టాఫీసులో స్టాంపు అడిగితే కౌంటర్లో ఆమె డ్రాయర్ వెతికి తీసిచ్చి, ‘సీజన్ బాగా జరగాలి’ అంది. నేను బాతుల్ని కాల్చనని చెప్పబోయాను. వెనక క్యూ ఉంది, థాంక్స్ చెప్పి వచ్చేశాను.