బుద్ధుడి మాటలు ఆయనవేనని ఎలా తెలుసు?

పిల్లలూ,

"బుద్ధుడు చెబుతుంటే పక్కన ఎవరూ రాసుకోలేదు కదా, మరి అవి ఆయన మాటలేనని ఎలా తెలుసు తాతయ్యా?" అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. బౌద్ధం మీద పరిశోధన చేసే పండితులు కొందరు జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నతోనే గడుపుతారు.

నిజమే, రాసుకోలేదు. కొన్ని వందల ఏళ్ళు భిక్షువులు కలిసి కూర్చుని వల్లె వేస్తూ కాపాడారు. శ్రీలంకలో పాళీ భాషలో వాటిని రాసిపెట్టింది క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో అని అక్కడి సంప్రదాయం.

నా చిన్నప్పుడు మా ఇంట్లో తాత కథ ఒకటుండేది. వరదలో దూడను భుజాన వేసుకుని ఏరు దాటాడట. పెద్దత్త చెప్పినా, బాబాయి చెప్పినా, నాన్న చెప్పినా దూడ ఉండేది, లాంతరు సరిగ్గా ఏటి మధ్యలో ఆరిపోయేది. పెద్దత్త కథలో మాత్రం పాము కూడా ఈదుకుంటూ వచ్చేది, ఆ పాము కోసమే నేను ఆవిడ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాణ్ణి. ముగ్గురూ తలోచోట స్థిరపడి ఏళ్ళు గడిచాయి, ఒకరు చెప్పేది ఇంకొకరు వినలేదు, అయినా అందరి దగ్గరా దూడ ఉందంటే వాళ్ళు విడిపోకముందే ఆ కథలో దూడ ఉందన్నమాట. పాము సంగతి అంత గట్టిగా చెప్పలేం. తర్వాత వచ్చి చేరిందేమో, మిగతా ఇద్దరూ మర్చిపోయారేమో!

పండితులు చేసేదీ ఇదే. బౌద్ధంలో శాఖలు విడిపోయి ఒకటి శ్రీలంకలో పాళీ గ్రంథాలు దాచుకుంది. ఉత్తరాది శాఖ గ్రంథం ఒకటి 398 నాటికి చైనా భాషలోకి వెళ్ళింది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, బుద్ధుడు తన కొడుకు రాహులుడికి అబద్ధం గురించి చెప్పిన పాఠం రెండింట్లోనూ ఉంది. చెంబులో కొంచెం నీళ్ళు మిగిల్చి, కావాలని అబద్ధమాడి సిగ్గుపడనివాడి భిక్షు జీవితం ఇంతే మిగులుతుందని చూపిస్తాడు. సరదాకి కూడా అబద్ధం ఆడొద్దంటాడు. మీరూ ఆడకండి.

ఇంకో వింత వినండి. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఆయన అశోకుడి కాలం నాటి బ్రాహ్మీ లిపిని చదవగలిగాడు. 1840లో రాజస్థాన్‌లోని బైరాట్ దగ్గర ఒక అశోకుడి రాయి దొరికింది, ఇప్పుడది కోల్‌కతా ఏషియాటిక్ సొసైటీలో ఉంది. భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు తరచూ వినాలని అశోకుడు అందులో ఏడు పాఠాల పేర్లు చెక్కించాడు. వాటిలో ఒకటి, అబద్ధం గురించి రాహులుడికి చెప్పినది! పాళీలో రాసిపెట్టడానికి సుమారు రెండు వందల ఏళ్ళ ముందు.

ఇంత చెప్పినా ప్రతి మాటా అచ్చంగా బుద్ధుడి నోటిదే అని రుజువైపోలేదు, పాఠం చాలా పాతదని మాత్రం ధైర్యంగా అనొచ్చు. నాకైతే అదే పెద్ద అద్భుతం.

ఆ చెంబుతో బుద్ధుడు ఇంకా మూడు పనులు చేస్తాడు, తర్వాత అద్దం గురించి ఒక ప్రశ్న కూడా అడుగుతాడు. నేను చెప్పను. లైబ్రరీలో మజ్ఝిమ నికాయం అనే పాళీ గ్రంథం అనువాదం అడిగి, 61వ సుత్తం, అంటే 61వ పాఠం, తీసి చదవండి.

మీ తాతయ్య