అమెరికా కాంగ్రెస్ సభ్యుల గురించి మనవాళ్ల అపోహలు, ఆఫీసు లోపలి నుంచి నేను చూసిన వాస్తవాలు

పెళ్లిలోనో గుడిలోనో ఎవరైనా "మీరేం చేస్తుంటారమ్మా?" అని అడిగితే, "కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో ఎనిమిదేళ్లు పనిచేశాను" అంటాను. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన పెద్దవాళ్లు చాలామంది వెంటనే "ఇక్కడ కూడా కాంగ్రెస్ పార్టీ ఉందా?" అంటారు. మనకు కాంగ్రెస్ అంటే పార్టీ, అమెరికా వాళ్లకు కాంగ్రెస్ అంటే పార్లమెంటు. అందులో రెండు సభలుంటాయి. రాష్ట్రానికి ఇద్దరు చొప్పున వంద మంది ఉండేది సెనేట్. జనాభాను బట్టి 435 మంది ఉండేది ప్రతినిధుల సభ, అంటే హౌస్. కాంగ్రెస్‌మన్, కాంగ్రెస్‌వుమన్ అని పిలిచేది ఈ హౌస్ వాళ్లనే. మేం ఆఫీసులో మాత్రం మా సభ్యుణ్ణి "మెంబర్" అనేవాళ్లం.

నాది కేస్‌వర్కర్ ఉద్యోగం, అంటే ప్రభుత్వ శాఖల్లో ఇరుక్కున్న జనం పనుల గురించి ఆరా తీయడం. వాషింగ్టన్‌లో కాదు, నియోజకవర్గంలో, ఒక షాపింగ్ సెంటర్ మేడ మీద ఉన్న చిన్న ఆఫీసులో. జనం కష్టాలు ముందుగా వచ్చి పడేది మా బల్ల మీదే. అక్కడ కూర్చుని విన్న అపోహల్లో కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

"నాకు ఓటు లేదు కదా, నన్నెందుకు పట్టించుకుంటారు?"

వీసా మీద ఉన్న మనవాళ్లలో దాదాపు అందరూ నమ్మేది ఇదే. దీనివల్ల జరిగే నష్టం కళ్లారా చూశాను కాబట్టి దీన్నే ముందు పెడుతున్నాను.

సీట్ల పంపకం కోసం పదేళ్లకోసారి లెక్కపెట్టేది ఓటర్లను కాదు, మనుషుల్ని. పౌరులు, గ్రీన్ కార్డు వాళ్లు, వీసా వాళ్లు, చంటిపిల్లలు అందరూ ఆ లెక్కలోకి వస్తారు. 2020 జనాభా లెక్కల తర్వాత ఒక్కో సభ్యుడి కింద సగటున 7 లక్షల 60 వేల మందికి పైగా ఉన్నారు. ఆ హద్దుల్లో మీరు ఉంటున్నారంటే, అద్దె ఇంట్లోనైనా సరే, ఆయన మీకూ ప్రతినిధే. కేస్‌వర్కర్ మొదట అడిగేది మీ అడ్రస్. ఏ పార్టీ అని అడగరు, అడగకూడదు కూడా.

ఒక శుక్రవారం సాయంత్రం, తలుపు వేసే వేళకు ఒక కుర్రాడు వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్. బల్ల మీద నా పేరు చూసి "మీరు తెలుగువాళ్లా అక్కా?" అన్నాడు. వాళ్లది ఖమ్మం దగ్గర పల్లె. ఆ తెల్లవారుజామునే వాళ్ల అమ్మ పోయింది. అతని గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉంది, హెచ్1బీ వదిలేసి ఈఏడీ (పని అనుమతి కార్డు) మీద పనిచేస్తున్నాడు. తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి, అడ్వాన్స్ పెరోల్ కాగితం లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క.

ప్రైవసీ రిలీజ్ ఫారం ఇచ్చాను. 1974 నాటి ప్రైవసీ చట్టం వల్ల మీ సంతకం లేకుండా ఏ ప్రభుత్వ శాఖా మీ ఫైలు గురించి మాకు చెప్పదు. ఒక్క పేజీ కాగితం. పేరు, పుట్టిన తేదీ, రసీదు నంబరు, సమస్య ఏమిటో నాలుగు ముక్కల్లో, కింద సంతకం. నంబర్లన్నీ చకచకా రాశాడు. సమస్య అన్న గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. "ఏమని రాయాలక్కా?" అన్నాడు. ఆ ముక్క నేను రాసిపెట్టాను, సంతకం తను చేశాడు. వాళ్ల అన్నయ్య వాట్సాప్‌లో పంపిన ఆసుపత్రి కాగితం కలిపి, ఇమిగ్రేషన్ శాఖలో కాంగ్రెస్ ఆఫీసుల కోసం ఉండే విభాగానికి అదే సాయంత్రం మెయిల్ పెట్టాం. సోమవారం పొద్దున అతనికి లోకల్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ దొరికింది, కాగితం చేతికొచ్చింది. పెద్దకర్మకు అందుకున్నాడు.

తర్వాత తెలిసింది, వాళ్ల అమ్మ మూడు వారాలు ఆసుపత్రిలో ఉందట. ఆ మూడు వారాల్లో ఎప్పుడొచ్చినా ఇదే ఫారం ఇచ్చేదాన్ని. రాలేదేమని నేను అడగలేదు. తనే అన్నాడు: "సిటిజన్‌ని కాదు కదా, రానివ్వరేమో అనుకున్నా."

"కాంగ్రెస్‌మన్ లెటర్ ఇస్తే వీసా వచ్చేస్తుంది"

ఇది పై దానికి పూర్తిగా రెండో కొస. మన ఊళ్లో ఎమ్మెల్యే గారు ఎమ్మార్వోకి ఫోన్ చేస్తే పని అయిపోతుందన్న అనుభవంతో వస్తారు. ఇక్కడ సభ్యుడు శాసనశాఖ మనిషి. వీసా, పన్నులు, పింఛను నిర్ణయించే అధికారులు వేరే శాఖ. ఆయన అడగగలడు కానీ ఆదేశించలేడు.

అడగడం అంటే తక్కువ అనుకోవద్దు. ఫైలు ఎక్కడ ఆగింది, ఏ కాగితం కావాలి, గడువు దాటినా కదలిక ఎందుకు లేదు, ఇది ఎమర్జెన్సీ కేసు, ముందు చూడగలరా... ఇలాంటి ప్రశ్న కాంగ్రెస్ ఆఫీసు నుంచి వెళితే ఎవరో ఒకరు ఫైలు తెరిచి జవాబు రాయాలి. ఎక్కడో ఇరుక్కుపోయిన ఫైళ్లకు చాలాసార్లు ఆ ఒక్కటీ చాలు. కానీ హైదరాబాద్ కాన్సులేట్‌లో 214(బి) సెక్షన్ కింద, అంటే తిరిగి వెళ్లిపోతారన్న నమ్మకం కలగలేదని, విజిటర్ వీసా తిరస్కరిస్తే ఆ నిర్ణయాన్ని ఏ కాంగ్రెస్‌మనూ తిప్పలేడు. కోర్టులో నడుస్తున్న కేసులో జడ్జిని కదిలించలేడు. మీకు లాయర్‌గా ఉండలేడు. ఇంకో మాట, దీనికి పైసా ఫీజు లేదు. కాంగ్రెస్ ఆఫీసులో పని చేయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

మా దగ్గరికి వచ్చేవి వీసా కేసులే కాదు. సోషల్ సెక్యూరిటీ చెక్కు ఆగిపోయిన ముసలివాళ్లు, పన్ను రీఫండ్ కోసం ఏడాదిగా ఎదురుచూసేవాళ్లు, మాజీ సైనికులు... మాజీ సైనికులు మరీ ఎక్కువ.

"అమెరికాలో పుట్టినవాళ్లకే ఛాన్స్"

పుట్టుకతోనే పౌరులై ఉండాలన్న షరతు అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులకే. హౌస్‌కు రాజ్యాంగం పెట్టిన షరతులు మూడు: వయసు 25, ఏడేళ్ల పౌరసత్వం, ఎన్నికయ్యేనాటికి ఆ రాష్ట్రంలో నివాసం. నియోజకవర్గంలోనే ఉండాలన్న నియమం కూడా లేదు. చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ 2000లో పౌరసత్వం తీసుకుని 2016లో సియాటిల్ నుంచి గెలిచారు.

కానీ ఈ మాట వచ్చినప్పుడల్లా నేను చెప్పేది దలీప్ సింగ్ సౌంద్ కథ. 1899లో పంజాబ్‌లో పుట్టి, 1920లో చదువుకని కాలిఫోర్నియా వచ్చాడు. 1924లో బర్కిలీలో గణితంలో పీహెచ్‌డీ చేశాడు. అంత చదివినా చివరికి చేసింది ఇంపీరియల్ వ్యాలీ ఎండల్లో పాలకూర లాంటి లెట్యూస్ సాగు. 1923లో థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. ఆ అర్హత లేని విదేశీయుడికి కాలిఫోర్నియా చట్టం కింద తన పేర భూమి కొనే హక్కు లేదు. ఇరవై ఏళ్లకు పైగా అలాగే బతికాడు, అలాగే ఊరూరా తిరిగి మాట్లాడాడు. భారతీయులకు పౌరసత్వం ఇవ్వాలని ఉద్యమించిన వాళ్లలో తనూ ముందు నిలబడ్డాడు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చింది. 1949 డిసెంబరులో సౌంద్ పౌరుడయ్యాడు.

ఇక్కడి నుంచి తేదీలు చూడండి. 1950లో వెస్ట్‌మోర్లాండ్ అనే చిన్న ఊళ్లో జడ్జి పదవికి పోటీ చేసి గెలిచాడు. ఎన్నిక నాటికి పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని ఆ గెలుపు కొట్టేశారు. 1952లో మళ్లీ నిలబడి మళ్లీ గెలిచాడు. 1956లో కాంగ్రెస్‌కు దిగితే, ఏడేళ్లు నిండలేదంటూ సొంత పార్టీ అభ్యర్థిని ఎంచే ఎన్నిక, అంటే ప్రైమరీలోని ప్రత్యర్థి కోర్టుకెక్కాడు. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. లెక్కలోకి వచ్చేది సభలో కూర్చునే నాటికి ఏడేళ్లు నిండాయా లేదా అన్నది. నవంబరులో పెద్ద ఎన్నికలో ఎదురుగా ఉన్నది జాక్వెలిన్ కోక్రన్. ధ్వని వేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ, దేశమంతా తెలిసిన పేరు. ఆమె మీద గెలిచి, 1957 జనవరి 3న ప్రమాణం చేశాడు. ఏడేళ్లు నిండి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. ఆసియా సంతతి వాళ్లలో అమెరికా కాంగ్రెస్‌లో ఓటు హక్కున్న సభ్యుడైన మొదటి వ్యక్తి ఆయనే.

1958లో, 1960లో కూడా గెలిచాడు. 1962 మేలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పేరు బ్యాలెట్ మీద ఉంది కానీ మనిషి ప్రచారానికి రాలేని స్థితి. నవంబరులో ఓడిపోయాడు. 1973లో కన్నుమూశాడు. రెండేళ్లకోసారి ఎన్నికలుండే ఉద్యోగంలో ఒంట్లో బాగాలేకపోతే ఆగి కోలుకునే వ్యవధి ఉండదు. మా మెంబర్ గెలిచిన మరుసటి వారమే తర్వాతి ఎన్నికకు చందాల ఫోన్లు మొదలుపెట్టేవాడు. ఆ ఫోన్లు ప్రభుత్వ ఆఫీసు నుంచి చేయకూడదు కాబట్టి వీధి దాటి వేరే గదికి వెళ్లి చేసేవాడు. ఆయనలో నాకు జాలేసే విషయం అదొక్కటే.

"హౌస్‌లో పాసైందంటే చట్టం వచ్చేసినట్టే"

2019 జులై 10న హెచ్.ఆర్. 1044 హౌస్‌లో 365-65తో నెగ్గింది. ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి తీసేసే బిల్లు అది. ఆ వారమంతా తెలుగు ఇళ్లలో పండగే. "అక్కా, ఇక డేట్ ఎప్పుడు కరెంట్ అవుతుంది, మా వంతు ఎప్పుడొస్తుంది?" అని నాకు వచ్చిన ఫోన్లకు లెక్కలేదు. సెనేట్ ఇంకా చూడలేదమ్మా అని చెబుతుంటే నాకే నోరు రాలేదు. 2020 డిసెంబరులో సెనేట్ వేరే మార్పులతో తన బిల్లు తను పాస్ చేసింది. రెండిటికీ పొత్తు కుదరలేదు. 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ కాలం తీరిపోగానే రెండు బిల్లులూ పోయాయి. ఇక్కడ రెండేళ్ల కాలం అయిపోతే పెండింగ్ బిల్లు ఏదీ బతకదు, మళ్లీ మొదటి నుంచి ప్రవేశపెట్టాల్సిందే. ఒక్కో కాంగ్రెస్‌లో పదివేలకు పైగా బిల్లులు వస్తాయి, చట్టాలయ్యేవి కొన్ని వందలే. మీ బిల్లు గురించి హౌస్ సభ్యుడికి ఫోన్ చేస్తే, మీ ఇద్దరు సెనేటర్లకూ చేయండి.

"టీవీలో చూస్తే సభ ఖాళీగా ఉంటుంది, వీళ్లేం పని చేస్తారు?"

1984లో స్పీకర్ టిప్ ఓనీల్ కెమెరాలను సభంతా తిప్పి చూపించమన్నాక, మాట్లాడేవాళ్ల ఎదుట ఖాళీ కుర్చీలున్న సంగతి దేశానికి తెలిసింది. నిజమే, ఖాళీగా ఉంటుంది. పని జరిగేది కమిటీల్లో. బిల్లు బతికేదీ చచ్చేదీ ఎక్కువగా అక్కడే. అందుకే కొత్త సభ్యులకు ఏ కమిటీ దొరుకుతుందనేదే పెద్ద టెన్షన్. 1969లో తొలి నల్లజాతి మహిళా సభ్యురాలిగా వచ్చిన షిర్లీ చిజం నియోజకవర్గం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్. ఆమెను వేశారు వ్యవసాయ కమిటీలో! కొత్తవాళ్లు నోరెత్తకూడదన్న ఆనవాయితీ పక్కన పెట్టి ఆమె గట్టిగా అడిగి మార్పించుకున్నారు.

ఓటింగ్ వేళకు బిల్డింగ్ అంతా గంటలు మోగుతాయి. మామూలుగా పదిహేను నిమిషాలు టైమ్. ఎక్కడి మీటింగ్ అక్కడ వదిలేసి సొరంగ దారుల్లో పరుగు. కుర్చీల వెనక ఉండే చిన్న పెట్టెలో కార్డు పెట్టి బటన్ నొక్కాలి, పైన గోడ మీద పేరు పక్కన పచ్చ లైటో ఎర్ర లైటో వెలుగుతుంది. శిక్షణకని వెళ్లినప్పుడు గ్యాలరీలో కూర్చుని ఆ లైట్లు చూశాను. నేను ఫోన్లో విన్న ఊరి జనం మాట అక్కడ ఒక్క చుక్క వెలుగై కనిపించింది.

ఇంకొన్ని, క్లుప్తంగా

పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందా? పోదు. మన ఫిరాయింపుల చట్టం లాంటిది ఇక్కడ లేదు. పార్టీకి ఎదురు ఓటేస్తే నాయకత్వం అలుగుతుంది, సీటు మాత్రం ఊడదు.

మంత్రి అవుతారా? సభలో ఉంటూ కాలేరు. 2021లో డెబ్ హాలండ్ అనే సభ్యురాలు హౌస్ సీటు వదిలేసిన తర్వాతే ఇంటీరియర్ శాఖ (ప్రభుత్వ భూములు చూసేది) తీసుకున్నారు.

మన ఎంపీలకు నియోజకవర్గ పనులకిచ్చే ఎంపీ ల్యాడ్స్ నిధిలా ఏటా 5 కోట్లు ఉంటాయా? అలాంటి కోటా లేదు. ఆఫీసు ఖర్చులకు ఇచ్చే డబ్బు సిబ్బంది జీతాలకు, అద్దెకు, ప్రయాణాలకే. నియోజకవర్గ పనులకు నిధులు కేటాయించే అప్రోప్రియేషన్స్ కమిటీని అడగాల్సిందే.

జీతం? 2009 నుంచి ఏడాదికి 1,74,000 డాలర్లే, పెరగలేదు. ఒక్క టర్మ్ చేస్తే జీవితాంతం పూర్తి జీతం పింఛనుగా వస్తుందన్నది పచ్చి అబద్ధం. ఐదేళ్లయినా చేయకపోతే పింఛనే రాదు.

"మెంబర్ మారితే మన ఫైలు చెత్తబుట్టలోకే"

సభ్యుడు చనిపోయినా రాజీనామా చేసినా ఆఫీసు మూతపడదు. బోర్డు మీద పేరు తీసి నియోజకవర్గం నంబరు పెడతారు, సిబ్బంది సభ క్లర్క్ పర్యవేక్షణలో కేసులు నడుపుతారు. హౌస్ సీటును గవర్నర్ నామినేట్ చేసి నింపలేడు, ఉప ఎన్నిక జరగాల్సిందే.

ఓడిపోతే దారి వేరు. మా మెంబర్ ఓడిన ఏడాది నవంబరు, డిసెంబరు నేను చేసిన పని ఒక్కటే. ఓపెన్‌గా ఉన్న ప్రతి కేసు మనిషికీ ఫోన్ చేసి "మీ ఫైలు కొత్త మెంబర్ ఆఫీసుకు ఇమ్మంటారా, మీకు వెనక్కి పంపమంటారా?" అని అడగడం. వాళ్ల ఒప్పుకోలు లేకుండా ఇవ్వకూడదు. కొత్తాయనది ఎదుటి పార్టీ. చాలామంది అదే అడిగారు, పార్టీ వేరు కదా, చూస్తారా అని. వియత్నాంలో పనిచేసిన ఒక పెద్దాయన మాత్రం పార్టీ సంగతి ఎత్తలేదు. వినికిడి తగ్గినందుకు వైకల్య పింఛను కేసు ఆయనది, పధ్నాలుగు నెలలుగా మా దగ్గరుంది. "అక్కడ ఫోన్ ఎత్తేదెవరు? నాకు వినపడేలా గట్టిగా మాట్లాడతారా?" అన్నాడు.

కొత్త ఆఫీసులో చేరబోయే అమ్మాయిని కాఫీకి పిలిచి ఆయన గురించి చెప్పాను. ఎడమ చెవి పూర్తిగా వినపడదు, మధ్యాహ్నం రెండు దాటాక చేయాలి, పేరు ముందు సార్జెంట్ అనాలి. ఆమె అవన్నీ పసుపు కాగితం మీద రాసుకుని ఫైలు అట్టకు అంటించింది. జనవరి మూడో వారంలో ఆయన నా సొంత నంబరుకు ఫోన్ చేశాడు. ఆ అమ్మాయి మాట బాగా వినపడుతోందట.